ఎండ మనదే... రాత్రి దీపం మాటేమిటి?

సికింద్రాబాద్‌లో ఇప్పుడు ఏ మేడెక్కి చూసినా నాలుగైదు ఇళ్ళ మీదైనా నల్లగా, నిగనిగలాడుతూ సోలార్ ప్యానెళ్ళు కనిపిస్తున్నాయి. సైనిక్‌పురి, తిరుమలగిరి, అల్వాల్ వైపు విడి ఇళ్ళున్న వీధుల్లో మరీను. దాంతో "మేమూ పెట్టించుకుందామనుకుంటున్నామండీ. బ్యాటరీలు కూడా పెట్టిస్తే ఇక కరెంటాఫీసుతో పనే ఉండదట కదా! తీగ తెంపేసుకోవచ్చట కదా!" అని అడిగే గృహిణులు ఎక్కువయ్యారు. ఈ వారం ఆ సంగతే మాట్లాడుకుందాం.

సాధారణంగా ఏం జరుగుతుందంటే, కంపెనీ తరఫు కుర్రాడు వచ్చి హాల్లో కూర్చుంటాడు. కిలోవాట్లు, ఆంపియర్లు, గ్యారంటీలు అంటూ గడగడా చెప్పేస్తుంటాడు. శ్రీవారు తలూపుతూ వింటుంటారు. మీరు లోపల కాఫీ కలుపుతుంటారు! కానీ ఒక్కసారి ఆలోచించండి. మీ ఇంట్లో గ్రైండర్ ఏ వేళకు తిరుగుతుందో, ఇస్త్రీ ఎప్పుడు చేస్తారో, రాత్రి ఎన్ని గదుల్లో ఫ్యాన్లు తిరుగుతాయో ఆ కుర్రాడికి తెలుసా? నిజం చెప్పాలంటే శ్రీవారికైనా పూర్తిగా తెలుసా? తెలిసింది మీకే. సోలార్, బ్యాటరీ వ్యవహారం మొత్తం ఆ లెక్క మీదే ఆధారపడి ఉంటుంది. అందుకని కాఫీ కప్పులు అందించేసి, మీరూ హాల్లో కూర్చోండి.

ఎండున్నా కరెంటు రాని వింత

ముందుగా చాలామందికి తెలియని ముక్క ఒకటి. ఇప్పుడు ఎక్కువ ఇళ్ళ మీద ఉన్నవి బ్యాటరీ లేని ప్యానెళ్ళు. పగలు పుట్టిన కరెంటు ఇంట్లో వాడుకోగా మిగిలింది వీధి లైనులోకి పోతుంది. రాత్రి మనకు కావలసింది లైను నుంచి వస్తుంది. నెట్ మీటరు ఇచ్చిందీ పుచ్చుకున్నదీ రెండూ లెక్క కడుతుంది. బిల్లు తగ్గుతుంది. బాగానే ఉంది.

కానీ మే నెల మధ్యాహ్నం ఈదురుగాలికి ఎక్కడో చెట్టుకొమ్మ తీగల మీద పడి కరెంటు పోయిందనుకోండి. గాలి సద్దుమణిగింది, మళ్ళీ ఎండ కాస్తోంది, మీ మేడ మీద ప్యానెళ్ళున్నాయి. అయినా మీ ఇంట్లో ఫ్యాను తిరగదు! పాడైందని కంగారు పడకండి. అది అలాగే తయారైంది. లైనులో కరెంటు లేదని తెలియగానే ఆ ఇన్వర్టరు తనంతట తానే ఆగిపోవాలి. ఆగకపోతే మీ మేడ మీది కరెంటు వీధి తీగల్లోకి పోతుంది, లైను చచ్చిందనుకుని స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం మీదికొస్తుంది. అతనికీ ఇంటి దగ్గర ఎదురుచూసే భార్యాబిడ్డలుంటారు కదా!

అందుకని కరెంటు పోయినప్పుడు కూడా దీపం వెలగాలంటే బ్యాటరీ ఉండి తీరాలి. అందులో రెండు పద్ధతులున్నాయి. ఒకటి 'ఆఫ్ గ్రిడ్'. అంటే వీధి తీగతో సంబంధమే లేకుండా మన ఎండ, మన బ్యాటరీ, మన ఇల్లు. రెండోది 'హైబ్రిడ్'. అంటే తీగా ఉంటుంది, బ్యాటరీ కూడా ఉంటుంది. కరెంటు పోతే ఇన్వర్టరు వీధి లైనును విడదీసి, ముఖ్యమైన దీపాలకూ ఫ్యాన్లకూ బ్యాటరీ నుంచి అందిస్తుంది.

ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన 'పీఎం సూర్యఘర్' పథకంలో సబ్సిడీ 1 కిలోవాటుకు 30,000 రూపాయలు, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లు, ఆపైన ఎంతైనా 78,000. అయితే ఇది వీధి లైనుకు కలిపిన సోలార్‌కే. తీగ తెంపుకుంటే ఆ డబ్బు కూడా తెగినట్టే!

సంపు, ట్యాంకు లెక్కే ఇదీ

కిలోవాటు, యూనిట్, ఆంపియర్ అవర్... ఈ మాటలు వింటే తల తిరుగుతోందా? అక్కర్లేదు. రోజు విడిచి రోజు నల్లా వచ్చే ఊళ్ళో కాపురం చేసిన మనకి ఇది కొత్త విద్య కాదు. ప్యానెల్ నల్లా లాంటిది, ఎంత ధార వస్తుందన్నదే దాని కిలోవాటు. బ్యాటరీ మేడ మీది ట్యాంకు. ఎన్ని బిందెలు పడతాయన్నదే యూనిట్. నల్లా రాని రోజు ట్యాంకులో నీళ్ళు ఎలా సరిపెట్టుకుంటామో, ఎండ లేని రాత్రి బ్యాటరీని అలాగే సరిపెట్టుకోవాలి.

మన జంటనగరాల్లో 1 కిలోవాటు ప్యానెళ్ళు మంచి ఎండలో రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తాయి. వాటికి మేడ మీద దాదాపు 100 చదరపు అడుగుల చోటు, అదీ నీడ పడని చోటు కావాలి. నీళ్ళ ట్యాంకు నీడ, పక్కింటి కొత్త అంతస్తు నీడ, కొబ్బరాకు నీడ ఒక మూల పడ్డా ఉత్పత్తి బాగా పడిపోతుంది.

ఇక బ్యాటరీ. ఇన్వర్టర్ల కోసం చాలా ఇళ్ళలో ఉండేది 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీ. 12ని 150తో గుణిస్తే 1,800 వాట్ అవర్లు, అంటే 1.8 యూనిట్లు. కానీ ఇది సీసం, యాసిడ్‌తో పనిచేసే బ్యాటరీ. రోజూ అడుగంటా వాడేస్తే తొందరగా పాడవుతుంది. సగంతో ఆపాలి. అంటే మీ చేతికొచ్చేది 0.9 యూనిట్ మాత్రమే. ఈ మధ్య వస్తున్న లిథియం ఫెర్రో ఫాస్ఫేట్ బ్యాటరీల్లో 80 శాతం దాకా ధీమాగా వాడుకోవచ్చు. నీళ్ళు పోసే పనీ లేదు, ఎక్కువ ఏళ్ళు నడుస్తాయి. కాకపోతే కొనేటప్పుడు చెయ్యి కాలుతుంది.

ఒక రాత్రి పద్దు

ఇప్పుడు చాకలి పద్దు రాసినట్టు ఒక రాత్రి ఖర్చు రాద్దాం. వస్తువు వాట్లను గంటలతో గుణించడమే. వెయ్యి అయితే ఒక యూనిట్.

• తక్కువ కరెంటు తాగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు మూడు, పది గంటలు: 30 × 3 × 10 = 900
• ఎల్‌ఈడీ బల్బులు నాలుగు, అయిదు గంటలు: 9 × 4 × 5 = 180
• సింగిల్ డోర్ ఫ్రిజ్, రాత్రంతా: సుమారు 400
• టీవీ, మూడు గంటలు: 50 × 3 = 150
• వైఫై పెట్టె, పన్నెండు గంటలు: 10 × 12 = 120

మొత్తం 1,750. అంటే ఒకటిముప్పావు యూనిట్. రెండు ట్యూబులర్ బ్యాటరీలకు ఇది చాలీచాలని లెక్క, ఎందుకంటే ఇన్వర్టరు కూడా దారిలో కొంత తింటుంది.

ఇప్పుడు అదే ఇంట్లో పాతరకం ఫ్యాన్లున్నాయనుకోండి. ఒక్కోటి 75 వాట్లు. ఫ్యాన్లకే 2,250 అవుతుంది. మొత్తం 3,100! చూశారా, ఫ్యాన్లు మూడు మార్చుకుంటే ఒకటిన్నర బ్యాటరీ మిగిలినట్టు. ఈ మాట బ్యాటరీ అమ్మేవాడు చెప్పడు. అందుకే సోలార్ కొనబోయే ముందు రాణిగంజ్‌కు వెళ్ళి ఫ్యాన్లు చూడండి. ఒక్క రూపాయి బ్యాటరీ కొనకముందే సగం పని అయిపోతుంది.

వేడి పుట్టించేవాటితో జాగ్రత్త

గీజర్, ఇండక్షన్ పొయ్యి సుమారు 2,000 వాట్లు. ఇస్త్రీ పెట్టె 1,000. ఒకటిన్నర టన్నుల ఏసీ 1,500 పైచిలుకు. పైన రాసిన రాత్రి పద్దంతా గీజర్ ఒక గంటలోపే మింగేస్తుంది! వీటిని బ్యాటరీకి కలపనే వద్దు. మిక్సీ 500, 750 వాట్లున్నా తిరిగేది నాలుగు నిమిషాలు కనుక ఫర్వాలేదు. బోరు మోటారు మాత్రం మొదలయ్యేటప్పుడు మామూలుకన్నా మూడు నాలుగు రెట్లు లాగుతుంది, దాన్ని వీధి లైను మీదే ఉంచండి.

మరి వేడినీళ్ళో? దానికి ఎండను కరెంటుగా మార్చి, బ్యాటరీలో నింపి, మళ్ళీ వేడిగా మార్చడమెందుకు? అడుగడుగునా కొంత పోతుంది. మేడ మీద సోలార్ వాటర్ హీటర్ పెడితే ఎండే నేరుగా నీళ్ళు కాస్తుంది. మన బామ్మలు చేసిందీ అదే కదా! ఎండాకాలంలో వడియాలు, అప్పడాలు, ఒరుగులు పెట్టి, వానాకాలానికి ఎండను డబ్బాల్లో దాచుకున్నారు. తిరుమలలో 2002లో 106 డిష్‌లతో ఎండను ఒడిసిపట్టి, ఆవిరి పుట్టించి, భక్తుల అన్నప్రసాదం వండే ఏర్పాటు చేశారు. అదీ బ్యాటరీ లేని సోలారే.

ఇంకో చిట్కా. పగలు చేసుకోగలిగిన పని పగలే చేసుకోండి. వాషింగ్ మెషీన్, గ్రైండర్, ఫోన్ల ఛార్జింగ్ ఉదయం పది నుంచి మూడింటి లోపల కానిచ్చేస్తే ఆ కరెంటు బ్యాటరీ గడప తొక్కకుండానే ఖర్చవుతుంది. ఇడ్లీపిండి సాయంత్రం రుబ్బడం అలవాటయితే ఒక పూట ముందుకు జరపండి. ఫ్రిజ్ ఉంది కదా!

మరి తీగ తెంపేసుకోవచ్చా?

అసలు ప్రశ్నకొద్దాం. నెలకు 300 యూనిట్లు వాడే ఇల్లనుకోండి, రోజుకు 10. ఆషాఢంలో మహంకాళమ్మ బోనాలనాటికి మన ఊరి ఆకాశం ఎలా ఉంటుందో తెలుసు కదా! ముసురు పట్టిన రోజున ప్యానెళ్ళు మామూలులో మూడో వంతు ఇవ్వడమే గొప్ప. తీగ లేని ఇంటికి కనీసం మూడు రోజుల ముసురుకు సరిపడా నిల్వ ఉండాలి. అంటే 30 యూనిట్లు. ఒక్కో ట్యూబులర్ బ్యాటరీకి 0.9 చొప్పున ముప్పై నాలుగు బ్యాటరీలు! ఒక్కోటి యాభై కిలోల పైమాటే. ఎక్కడ పెడతారు? ప్యానెల్ పాతికేళ్ళు నడుస్తుంది గానీ, ఈ బ్యాటరీలు బాగా చూసుకున్నా అయిదారేళ్ళే. పాతికేళ్ళలో నాలుగైదుసార్లు కొనాలి.

తీగతో పనిలేకుండా బతుకుతున్నవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. చెన్నేకొత్తపల్లి దగ్గర, అప్పటి అనంతపురం జిల్లాలో, 1990లో మేరీ వట్టమట్టం, సి.కె.గంగూలీ బీడుభూమి కొని, చెట్లు పెంచి, 'టింబక్టు' అని పేరు పెట్టి స్థిరపడ్డారు. అక్కడ సూర్యుడి కరెంటే ఆధారం. కానీ గమనించండి, వాళ్ళు ఎండకు తగ్గట్టు జీవితాన్ని మలచుకున్నారు. మనం ఏసీ, గీజర్, పెద్ద ఫ్రిజ్ అన్నీ అలాగే ఉంచి, నడిఊళ్ళో గుమ్మం ముందున్న తీగను తెంపుకుంటామంటే, అది స్వతంత్రం కాదు, బ్యాటరీలకు ఊడిగం!

ఊరిచివర తోట ఇల్లు కట్టుకుని, లైను రావడానికి స్తంభాలే పది వేయాల్సివస్తే ఆఫ్ గ్రిడ్ ఆలోచించండి. సికింద్రాబాద్ ఇంటికైతే తీగ ఉండనిచ్చి, రాత్రి పద్దుకు సరిపడా చిన్న బ్యాటరీతో హైబ్రిడ్ పెట్టుకోవడమే తెలివైన పని. ఇంట్లో ఇన్సులిన్ వాడే మామగారో, నెబ్యులైజర్ అవసరమైన పసివాడో ఉంటే, ముందు ఆ ఫ్రిజ్‌నీ ఆ ప్లగ్గునూ బ్యాటరీ లైనులో కలపమని చెప్పండి. టీవీ తర్వాత చూసుకోవచ్చు.

అలాగే, తెలంగాణలో 'గృహజ్యోతి' కింద 2024 మార్చి నుంచి 200 యూనిట్ల లోపు జీరో బిల్లు అందుకుంటున్న ఇల్లయితే, బిల్లు తగ్గించుకోవడానికని అప్పు చేసి సోలార్ పెట్టక్కర్లేదు. లేని బిల్లు ఎలా తగ్గుతుంది? కోతలకు ఒక చిన్న ఇన్వర్టరు చాలు. అపార్టుమెంటువాళ్ళకు మేడ ఉమ్మడి సొత్తు కనుక ముందు అసోసియేషన్‌లో మాట తేల్చుకోండి.

బ్యాటరీ ఎక్కడ పెట్టాలి?

ఇది అన్నిటికన్నా ముఖ్యం. దయచేసి రెండుసార్లు చదవండి.

2022 సెప్టెంబరు 12 రాత్రి మన సికింద్రాబాద్‌లో, పాస్‌పోర్ట్ ఆఫీసు సమీపంలో, కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన హోటల్ ఉన్న భవనంలో మంటలు లేచాయి. పొగ మెట్ల గుండా పై గదుల్లోకి కమ్మేసింది. 8 మంది చనిపోయారు. అది దుకాణం, మనది ఇల్లు. నిజమే. కానీ నేర్చుకోవాల్సిన పాఠం ఒకటే. ఏ బ్యాటరీనైనా మనం కిందికి దిగిపోవడానికున్న ఒకే ఒక్క దారిలో పెట్టకూడదు. మన ఇళ్ళలో బ్యాటరీలన్నీ ఎక్కడుంటాయి? మెట్ల కిందే! చోటు కలిసొస్తుందని. ఇవాళే వెళ్ళి చూడండి.

• పడకగదిలో, మెట్ల కింద, గ్యాస్ సిలిండర్ పక్కన, పూజగదిలో దీపం దగ్గర పెట్టకండి. గాలి ఆడే వరండా, నీడ ఉన్న బాల్కనీ మంచిది. ట్యూబులర్ బ్యాటరీ ఛార్జయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది. మూసిన అల్మరాలో అది పోగుపడితే చిన్న నిప్పురవ్వ చాలు.

• పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. బోరు నీళ్ళు వద్దు, ఫిల్టర్ నీళ్ళూ వద్దు. నెలకొకసారి మట్టం చూడండి. యాసిడ్ ఎన్నడూ పోయకండి.

• చేతికి గాజులు, మెడలో గొలుసులతో బ్యాటరీ మీదకి వంగి పనిచేయకండి. బంగారు గాజు రెండు టెర్మినళ్ళకూ తగిలితే క్షణంలో ఎర్రగా కాలి చర్మానికి అంటుకుంటుంది. నట్లు బిగించే పని ఎలక్ట్రీషియన్‌దే.

• స్కూటర్ నుంచి తీసిన పాత లిథియం బ్యాటరీలు చవగ్గా ఇస్తామంటే ఇంటికి తేకండి. కొత్తదైనా లోపల రక్షణ సర్క్యూట్ ఉన్నదీ, బీఐఎస్ గుర్తింపు ఉన్నదీ అడిగి తీసుకోండి. ఉబ్బినట్టు కనిపిస్తే వాడకం ఆపేయండి.

ప్యానెళ్ళ ఆలనాపాలనా

మన ఊరి దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు. వానల్లేని నెలల్లో రెండు వారాలకొకసారి ప్యానెళ్ళు కడగాలి. తెల్లవారుజామునో, సాయంత్రం చల్లబడ్డాకో మాత్రమే. మిట్టమధ్యాహ్నం కాలిపోతున్న అద్దం మీద చన్నీళ్ళు పోస్తే పగిలే ప్రమాదముంది. మెత్తటి గుడ్డ, మంచినీళ్ళు చాలు. సబీనా, పీచు వద్దు!

ఇంకో సంగతి. మేలో ఎండ మండిపోతోంది కదా, కరెంటు కూడా దంచేస్తుందనుకుంటాం. కాదు. ప్యానెల్‌కు కావలసింది వెలుతురు, వేడి కాదు. వేడెక్కిన కొద్దీ ఉత్పత్తి తగ్గుతుంది. అందుకే కింద గాలి ఆడేలా స్టాండు ఎత్తుగా, దక్షిణం వైపు వాలుగా బిగించమనండి.

సంతకం పెట్టేముందు అడగవలసినవి

ఆ కుర్రాడు మళ్ళీ వచ్చినప్పుడు ఇవి అడగండి. కరెంటు పోతే ఈ ఇన్వర్టరు పనిచేస్తుందా, ఆగిపోతుందా? ఏయే గదులు బ్యాటరీ మీద నడుస్తాయి? బ్యాటరీలో వాడుకోదగిన యూనిట్లెన్ని? ఫ్రిజ్ మొదలయ్యేటప్పటి తాకిడికి ఇన్వర్టరు తట్టుకుంటుందా? ఎర్తింగ్, పిడుగు రక్షణ ఈ ధరలోనే ఉన్నాయా? పాత బ్యాటరీ ఎవరు తీసుకెళతారు, ఎంతకు? జవాబులు కాగితం మీద రాసిమ్మనండి. రాసివ్వడానికి నసిగితే కాఫీ ఇచ్చి పంపేయండి!

'పవర్ హౌస్' అంటే మన ఊరి పెద్దవాళ్ళకు హుస్సేన్ సాగర్ ఒడ్డున 1920లో వెలిసి, 1995లో కూల్చేసిన పాత పవర్ హౌసే గుర్తొస్తుంది. దాన్ని నడపడానికి ఇంజినీర్లుండేవారు. ఇప్పుడు మీ మేడ మీద బుల్లి పవర్ హౌస్ వెలిస్తే దానికి ఇంజినీరెవరు? మీరే! ఎంత పుడుతోందో, ఎంత ఖర్చవుతోందో, ఏది ముందు, ఏది వెనక అన్నది రోజూ చూసుకోవలసింది మీరే. పాలవాడి పద్దు, పచారీ పద్దు ఇన్నేళ్ళు తప్పకుండా రాసుకున్న చేతికి ఇదొక లెక్కా?

ముందు ఈ ఆదివారం ఒక కాగితం తీసుకుని మీ ఇంటి రాత్రి పద్దు రాయండి. వస్తువుల వెనక అంటించిన చీటీల మీద వాట్లు ఉంటాయి. గంటలు మీకే తెలుసు. మొత్తం చూశాక బ్యాటరీ కొనాలో, ఫ్యాన్లు మార్చాలో, అసలేమీ అక్కర్లేదో ఆ కాగితమే చెప్పేస్తుంది.